సగం విన్న మాట

“రేకుల మీద వాన పడుతుంటే ఒకరి మాట ఒకరికి ఏం వినపడుతుందిరా? అసలే రంపం దగ్గర పని,” అన్నాను క్యారేజీ మూత బిగిస్తూ.

మావాడు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు. “నీ మాట మిల్లు దాకా వినపడుతూనే ఉంటుంది కదమ్మా. ఇంకెవరి మాటా వినక్కర్లేదు.”

“వెటకారం తర్వాత. మీ బాబాయికి చెప్పు. రెండుసార్లు అడిగి, రెండుసార్లు విని, అప్పుడు వెయ్యమను స్విచ్చు.”

“బాబాయ్, విన్నావా? రెండుసార్లట!”

వాకిట్లో గొడుగుతో కుస్తీ పడుతున్న మా మరిది “ఆఁ?” అన్నాడు. అతనిదెప్పుడూ అంతే. ఏ మాటకైనా ముందు ఆఁ అంటాడు, తర్వాత నవ్వుతాడు, ఆ తర్వాతే జవాబు. మిల్లులో అందరూ అతన్ని ‘పరధ్యానం’ అని పిలుస్తారు. ఆ పేరుతో పిలిచినా పలకడని ఇంకో వేళాకోళం.

“పదండి పదండి. మీ అమ్మ నోట మంచి మాట వచ్చేదాకా ఆగితే వానాకాలం వెళ్ళిపోతుంది,” అని మా ఆయన ముందు నడిచాడు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోతాను, మేలు వంతు వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. మావాడు దగ్గితే క్షయ. మా ఆయన రావడం ఆలస్యమైతే లారీ. ఇంట్లో అది అందరికీ నవ్వులాట. ఆ పొద్దున కూడా నవ్వుకుంటూనే వెళ్ళారు ముగ్గురూ, ఒక గొడుగు కింద ఇద్దరు, తడుస్తూ ఒకడు.

మా ఆయన నడిపే కర్రల కోత మిల్లు సంగతి కొంచెం చెప్పాలి. ముందు రేకుల షెడ్డు, అందులో కోత బల్ల, బల్ల మధ్యన గుండ్రటి రంపం. స్విచ్చు మాత్రం వెనకాల, ఇటుక గోడ చాటున ఉంటుంది. రంపపు పొట్టు పడితే కాలిపోతుందని అలా పెట్టారు. అందుకని స్విచ్చు దగ్గరి మనిషికి బల్ల దగ్గరి మనిషి కనపడడు. ఇద్దరి మధ్యా ఉండేది మాట ఒక్కటే. రంపంలో కర్ర పేడు ఇరుక్కుంటే ఆపుతారు, బల్ల దగ్గరివాడు చెయ్యి పెట్టి తీస్తాడు. గోడ వెనక నుంచి “వెయ్యనా?” అని కేక వస్తుంది. చెయ్యి బయటికొచ్చేస్తే “వెయ్” అనాలి. ఇంకా లోపలే ఉంటే “వెయ్యకు” అనాలి. ఎన్నేళ్ళ నుంచో అవే మాటలు. ఆ రెంటికీ మొదలు ఒకటేనని, తేడా అంతా తోకలోనే ఉందని ఎవరికీ తట్టలేదు. ప్రపంచంలో అన్నిటికీ భయపడే నాకు కూడా తట్టలేదు.

మధ్యాహ్నం వాన దంచి కొడుతుంటే నేను ఇంట్లో తాడు మీద బట్టలు అటూ ఇటూ జరుపుతున్నాను. మిల్లులో దుంగలు మోసేవాడు పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి నోరు కదులుతోంది గానీ మాట రావడం లేదు. నేను అడగలేదు. ఎవరని కూడా అడగలేదు. తల అనుకున్నాను. వాడు ఆఖరికి “చెయ్యి” అన్నాడు. దేవుడు నన్ను మన్నించాలి, ఆ మాట విని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను.

మావాడి కుడి చెయ్యి, మణికట్టు దాకా.

ఆసుపత్రి వరండాలో మా మరిది నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. చొక్కా అంతా పొట్టు, ఆ పొట్టు ఎర్రగా తడిసి ఉంది. “వెయ్ అన్నాడు వదినా. దేవుడి తోడు, వెయ్ అనే అన్నాడు.”

తెల్లారి కళ్ళు తెరిచాక మావాడు మొదట చెప్పిన మాట, “వెయ్యకు అన్నానమ్మా.”

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడే మనిషి కాదు. మధ్యలో ఒక్క ముక్క ఎటో పోయింది. వాన మింగిందో, రేకులు మింగాయో.

*

ఇంటికొచ్చాక మావాడు ఎడం చేత్తో గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. సాయం చెయ్యబోతే ఒప్పుకునేవాడు కాదు. “పోనీలేమ్మా, గోళ్ళు కత్తిరించుకునే పని సగం తగ్గింది,” అని నవ్వేవాడు.

మా మరిది ఉండే గది మా వాకిటికి అవతలి పక్క. చిన్నప్పటి నుంచి నా చేతి ముద్ద తిన్న మనిషి. ఆ రోజు నుంచి మా గుమ్మం తొక్కలేదు. నేను గిన్నె అక్కడ పెట్టి వస్తే, కడిగి మా మెట్టు మీద బోర్లించి వెళ్ళేవాడు. మా ఆయన అతనితో మిల్లులో పని మాటలు తప్ప మాట్లాడడం మానేశాడు. ఇంకేదన్నా చెప్పాల్సి వస్తే దుంగలు మోసేవాడితో చెప్పించేవాడు. మావాడు ‘బాబాయ్’ అనే పిలుపే వదిలేశాడు. నాతో అయితే ‘మీ మరిది’ అనేవాడు, నాన్నతో అయితే ‘మీ తమ్ముడు’. తనకు మాత్రం ఏమీ కానట్టు.

మిల్లు ఆగడానికి లేదు. మా ఆయన కోత మాటలు మార్చేశాడు. ఆపాలంటే ఇక మీదట “ఆగు” అనాలి, ‘వెయ్’తో మొదలయ్యే మాట ఏదీ ఆ షెడ్డులో వినపడకూడదు. స్విచ్చు దగ్గరివాడు “విన్నా” అని తిరిగి చెప్పాలి. ఆ జవాబు వినకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ఒక సాయంత్రం మావాడు కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

“అమ్మా, నేనే వెయ్ అన్నానేమో?”

“అదేం మాటరా?”

“ఆయన అంత గట్టిగా ఒట్టేసి చెబుతుంటే... రోజూ ఆ మాటే తలుచుకుని తలుచుకుని, నా నోట ఏమొచ్చిందో నాకే తెలియకుండా పోయింది. చెయ్యి సంగతి వదిలెయ్. నా మాట కూడా నాది కాకుండా చేశాడు మీ మరిది.”

వాడు గొంతు పెంచాడు, వాకిలి అవతలికి వినపడాలనే పెంచాడు.

“ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మనిషి చెయ్యి అక్కడుండి, నా చెయ్యి స్విచ్చు మీదుంటే చాలు. అప్పుడు నాకేం వినపడుతుందో చూద్దాం.”

ఆ రోజు నుంచి నాకు ఇంకే భయమూ లేకుండా పోయింది. దగ్గు, లారీ, పిడుగు అన్నీ పక్కకు తప్పుకుని ఆ ఒక్క భయానికే చోటిచ్చాయి. చెయ్యి పోయినవాడు బతుకుతాడు. చెయ్యి తీసినవాడు ఎలా బతుకుతాడు? పైవాడి ముందు ఏ మొహంతో నిలబడతాడు?

దీపం పెట్టే వేళకు మా ఇంట్లో ప్రార్థన చేసుకుంటాం. ఆఖర్న ముగ్గురం కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతాం. మాకు కీడు చేసినవాళ్ళను మేము క్షమించినట్టే మమ్మల్ని క్షమించు అనే చోటు వచ్చేసరికి రెండు గొంతులు ఆగిపోయేవి. ఆ మాట నేనొక్కదాన్నే చెప్పేదాన్ని, ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టు. తర్వాతి మాటకు వాళ్ళు మళ్ళీ అందుకునేవారు. పన్ను ఊడిన రంపం తిరిగినట్టు ఉండేది మా ప్రార్థన, ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ.

*

చర్చి అయ్యగారు గొడుగు ఉండీ తడిసి ముద్దై వచ్చారు. స్టూలు వేశాను. ఆయన చుట్టూ తిప్పకుండా నేరుగా అడిగేశారు, “తమ్ముణ్ణి ఎన్నాళ్ళు వాకిట్లో ఉంచుతావు?” అని.

“వాడు తప్పొప్పుకున్నాడా అయ్యగారూ?” అన్నాడు మా ఆయన. “ఏడుస్తాడు, బాధపడ్డానంటాడు, క్షమించమంటాడు. మళ్ళీ చివర్న ‘కానీ వెయ్ అన్నాడు’ అంటాడు. ఒప్పుకోనివాణ్ణి క్షమించమని ఎక్కడుంది?”

“ఒప్పుకోనివాడు క్షమాపణ పుచ్చుకోలేడు, నిజమే. చేసింది చేశానని చెప్పాలి, ఆ దారి నుంచి మళ్ళాలి, ప్రభువు మీద భారం వెయ్యాలి. లేకపోతే దేవుడు ఇస్తున్నా చేతికి అందదు. అది అతని సంగతి. నేను నీ సంగతి అడగడానికొచ్చాను. నువ్వు గుప్పిట బిగించి కూర్చుంటే, నీ చేతిలో దేవుడేం పెడతాడు?”

గోడకు చేరగిలిన మావాడు చొక్కా చేతిలోంచి మొండి ముంజేతిని బయటికి తీసి చూపించాడు.

“నాకా ఇబ్బంది లేదండీ. నాకు గుప్పిటే లేదు.”

అయ్యగారు గొడుగు తీసుకుని లేచారు. నేను మెట్టు దాకా వెళ్ళాను. ఆయన వానలోకి చూస్తూ, “ఇంట్లో ఎవరో ఒకరు మొదలుపెట్టాలమ్మా,” అన్నారు. “మనసుకు అనిపించాక చెబుదామంటే ఎప్పటికీ అనిపించదు. ముందు మాట బయటికి తియ్యి. మనసు కుంటుకుంటూ వెనకాలే వస్తుంది.”

ఆ మాట నన్ను పట్టుకుంది. క్షమించాను అని మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అన్న పాపాన పోలేదు. అది చర్చిలో మాట. ఇంట్లో మాట ‘పోనీలే’. పాలు పొంగిపోతే పోనీలే. గాజు గ్లాసు పగిలితే పోనీలే. కొడుకు చేతికి పోనీలే సరిపోతుందా? అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు మరి.

ఆదివారం మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. మా మరిది తన గది మెట్టు మీద కూర్చుని, రంపం ఒళ్ళో పెట్టుకుని పళ్ళకు ఆకురాయి పడుతున్నాడు. పట్టడం ఆపి అంచు చూసుకుంటున్నప్పుడు వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“పోనీలేవయ్యా,” అన్నాను. “నా మనసులో ఏమీ పెట్టుకోను. పోనీలే.”

అతను కదల్లేదు. తల కూడా తిప్పలేదు. వేలితో రంపం పన్ను తడుముతున్నాడు.

ఎంత పొగరు అనుకున్నాను. రక్తం ఉడికిపోయింది. నేను పేగులు తెంచుకుని తెచ్చిన మాట అది. మళ్ళీ అన్నాను, ఇంకొంచెం గట్టిగా. పళ్ళు చూసుకుంటూ చిన్నగా ఏదో కూనిరాగం తీశాడు.

భుజం మీద చెయ్యి వేశాను. అతను ఎగిరిపడ్డాడు, రంపం మెట్ల మీద దొర్లింది.

“ఎప్పుడొచ్చావు వదినా?”

నేను అతని ఎడం పక్కన నిలబడి ఉన్నాను.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ ‘ఆఁ?’ అనడం. కోడిపుంజులా తల ఒక పక్కకు తిప్పి వినడం. చర్చిలో ఎప్పుడూ బెంచీ ఎడం చివర చూసుకుని మరీ కూర్చోవడం, మనుషులంతా కుడి పక్కన ఉండేట్టు. పరధ్యానం పరధ్యానం అని మేమంతా నవ్వడం.

“ఆ చెవి ఎప్పటినుంచి?”

“ఏ చెవి?” అన్నాడు. నా మొహం చూశాక తల దించుకున్నాడు. “నిరుటి నుంచి వదినా. ముందు ఈల వేసినట్టుండేది. తర్వాత ఆ ఈల కూడా పోయింది. రంపం మోతకేనేమో. రెండోది మంచిదే. రెండోదానితో నెట్టుకొస్తున్నాను.”

“చెప్పలేదేం?”

“చెబితే స్విచ్చు దగ్గర ఉంచుతారా? నాకింకే పని వచ్చు?”

“అయితే వాడు ఏమన్నాడో నీకు తెలియదు.”

“మొదలు వినపడింది. వెయ్ అని. తర్వాత ఇంకేదో ఉంది. వాన చప్పుడేమో అనుకున్నాను. మళ్ళీ అడిగితే, వీడికి చెవుడని పట్టేస్తారని...”

“దేవుడి తోడని ఒట్టేశావు కదయ్యా!”

అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. నాకు జాలి వెయ్యలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఇందాక ఇచ్చిన ‘పోనీలే’ని వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోవాల్సిన అవసరం కూడా లేదు, అది అతనికి చేరనే లేదు. చెవిటి వైపు అన్నాను. గాలికి పోయింది.

“రోజూ అడుగుతున్నాను వదినా దేవుణ్ణి. క్షమించమని. మోకాళ్ళ మీద పడి అడుగుతున్నాను. ఏమీ తెలియడం లేదు. ఆయన విన్నట్టే లేదు.”

“ఏం చేశానని చెప్పి అడుగుతున్నావు?”

అతను కింద పడ్డ రంపం అందుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఏం చేశావో చెప్పకుండా క్షమించమంటే, ఆయన మాత్రం దేన్ని క్షమిస్తాడు?”

“ఆయనకు తెలియదా?”

“ఆయనకు తెలుసు. వాడికి తెలియదు. తన నోరు తనే నమ్మడం మానేశాడు నా కొడుకు. ముందు వెళ్ళి వాడికి చెప్పు. నేను మాత్రం చెప్పను. చెబితే మీ అన్న నిన్ను చంపేస్తాడు, మాటవరసకు కాదు.”

కుడి చెవి దగ్గర చెప్పాను, పొరపాటు లేకుండా.

ఆ సాయంత్రం ప్రార్థనలో క్షమించే ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కూడా ఆగిపోయింది. మా ఆయన కళ్ళు తెరిచి నా వంక చూశాడు. ముగ్గురం ఆ గుంట దాటి అవతల కలుసుకున్నాం.

*

తర్వాత వాన ఎడతెరిపి లేకుండా పడింది. గోడలు చెమ్మగిల్లాయి, తలుపులు ఉబ్బి పట్టడం మానేశాయి. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ మా మరిది గుమ్మం దాటి లోపలికొచ్చాడు. తన గిన్నె తనే పట్టుకొచ్చాడు, తిని కాదు, తినకుండానే. కింద పెట్టి నిలబడ్డాడు.

“అన్నా, నాకు ఎడం చెవి వినపడదు. నిరుటి నుంచీ వినపడదు. తెలిసే స్విచ్చు దగ్గర నిలబడ్డాను. ఆ రోజు నాకు సగం మాటే వినపడింది. మళ్ళీ అడగలేదు. వేసేశాను. తర్వాత ఒట్టేసి అబద్ధం చెప్పాను. ‘కానీ’ ఏమీ లేదు. అంతే.”

మావాడి ఎడం చేతిలో చెంచా ఆగిపోయింది.

“అయితే నేను వెయ్యకు అనే అన్నాను.”

“అనే ఉంటావురా.”

“ఉంటావు కాదు.”

“అన్నావు.”

వాడు చెంచా పక్కన పెట్టాడు. ఏడుస్తాడనుకున్నాను. మొహం తుడుచుకున్నాడు, అంతే. మా ఆయన లేచాడు. ఆయన ఎంగిలి చెయ్యి పైకి లేవడం చూశాను. అడ్డం వెళ్ళబోయాను. ఆయన ఎవరినీ కొట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

చీకటి పడే వేళకు తిరిగొచ్చాడు. తమ్ముడు ఇంకా అక్కడే, గోడ వారనే నిలబడి ఉన్నాడు. ఎవరం కూర్చోమనలేదు.

“రేపట్నుంచి నువ్వు స్విచ్చు దగ్గర ఉండవు,” అన్నాడు మా ఆయన. తమ్ముడితో నేరుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. “నాతో బల్ల దగ్గర ఉండు.”

“మరి స్విచ్చు?” అన్నాను.

“నేనుంటాను,” అన్నాడు మావాడు. “దానికి ఒక చెయ్యి చాలు.”

“వద్దు. వద్దురా. ఏమండీ, మీరన్నా చెప్పండి, ఇంకెవరినైనా పెట్టండి.” నేను మా మరిది చొక్కా పట్టుకున్నాను. “నువ్వైనా చెప్పవయ్యా. నీకు తెలియదు, వాడు ఆ రోజు ఏమన్నాడో...”

“విన్నాను వదినా,” అన్నాడు. “కిటికీ దగ్గర అన్నాడు. కుడి చెవితోనే విన్నాను.” మెల్లగా నా వేళ్ళు విడిపించాడు. “వాణ్ణే ఉండనీ.”

దీపం పెట్టి ప్రార్థనకు కూర్చున్నాం. ఆ మాట దగ్గర ముగ్గురం ఆగాం. గోడ దగ్గర నుంచి మా మరిది గొంతు ఒక్కటే ఆ మాట మొదలు నుంచి చివర దాకా చెప్పింది.

*

మర్నాడు నన్నెవరూ రమ్మనలేదు. క్యారేజీ నెపం పెట్టుకుని ముందే మిల్లుకు వెళ్ళాను. దేవుడా, నా కళ్ళ ముందే జరిగితే జరగనీ, కబురు మాత్రం వినలేను అనుకుంటూ వెళ్ళాను.

ఇటుక గోడ చివర నిలబడితే రెండు పక్కలా కనపడుతుంది. అక్కడ పనివాళ్ళెవరూ నిలబడరు. నేను నిలబడ్డాను. ఒక పక్క బల్ల, దుంగ చివర పట్టుకుని మా ఆయన, రంపం దగ్గర మా మరిది. ఇంకో పక్క మావాడు, స్విచ్చు పెట్టె ముందు, ఎడం చెయ్యి దాని మీద. వాళ్ళు ఒకరికొకరు కనపడరు. రేకుల మీద వాన అదే వాన.

రంపం కీచుమని పట్టేసింది. మావాడు ఆపాడు. చక్రం తిరిగి తిరిగి నిలబడింది. పేడు లోపలికంటా ఇరుక్కుంది. మా మరిది వంగాడు. జవాబు వినకుండా పెట్టకూడదని తెలిసీ, కుడి చెయ్యి ముందే మోచేతి దాకా రంపం కిందికి పోనిచ్చాడు.

“ఆగు!” అని కేక వేశాడు.

ఇటు నుంచి జవాబు రావాలి. రాలేదు.

మావాడి చెయ్యి స్విచ్చు మీదే ఉంది. మొండి చెయ్యి పక్కన వేలాడుతోంది. వాడు గోడ వంకే చూస్తున్నాడు, ఇటుకలు లెక్కపెడుతున్నవాడిలా. దవడ కదులుతోంది. మా ఆయన దుంగ వదిలి తల ఎత్తాడు. ఆయనకూ అర్థమైంది, కానీ నోరు తెరవలేదు.

మా మరిది మెడ తిప్పి కుడి చెవిని గోడ వైపు పెట్టాడు. చెయ్యి మాత్రం వెనక్కి తియ్యలేదు. జవాబు రాలేదో, వచ్చినా తనకు వినపడలేదో అతనికి తెలిసే దారి లేదు. పళ్ళ కింద చెయ్యి పెట్టి అలాగే వంగి ఉన్నాడు.

నేను అరవొచ్చు. నా గొంతు మిల్లు దాకా వినపడుతుందని వాడే అన్నాడు, ఇప్పుడు మిల్లులోనే ఉన్నాను. ఒరేయ్ వద్దురా అంటే చాలు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈ మాట నేను చెప్పేది కాదు. నేను చెబితే వాడు చెప్పింది కాకుండా పోతుంది. ప్రభువా, వాడికి ఆ మాట ఇవ్వు అనుకున్నాను, వాడికి లేని గుప్పిట విప్పు అనుకున్నాను.

వాన కొడుతూనే ఉంది. రేకుల చూరు నుంచి నీళ్ళు తాళ్ళలా దిగుతున్నాయి. ఎంతసేపో నాకు తెలియదు.

మావాడు గొంతు సవరించుకున్నాడు.

“విన్నా,” అన్నాడు. అటు చేరిందో లేదోనని కాబోలు, ఊపిరి తీసుకుని మళ్ళీ గట్టిగా అన్నాడు.

“విన్నాను, బాబాయ్.”